కన్నుతో చదువుదమా? చెవితో చదువుదమా?

విద్యార్థులలో ఈ నడుమ ఒక మాట వ్యాపించినది. “నేను కంటితో నేర్చువాడను, బొమ్మ చూపనిదే నాకు పాఠము తలకెక్కదు” అని ఒక బాలుడనును. “నేను చెవితో నేర్చుదానను; పుస్తకము తెరచినచో నిద్ర వచ్చును, ఎవరైన చెప్పినచో చాలును” అని ఒక బాలిక యనును. తలిదండ్రులును ఈ మాటను నమ్మి, తమ బిడ్డలను ఈ రెండు తెగలలో ఏదో యొకదానియందు చేర్చి చెప్పుకొనుచున్నారు. కొన్ని ప్రశ్నలుగల కాగితమొకటి యిచ్చి, జవాబులను లెక్కించి, “నీవు ఈ తెగవాడవు” అని ముద్రవేయు పద్ధతియు కలదు. ఈ మాటలో నిజమెంత? దీనిని నమ్మినందువలన లాభమెంత, నష్టమెంత? ఈ విషయమును నిదానముగా విచారింపవలసియున్నది. ఏలయన ఇది పొద్దుపోకకు చెప్పుకొను మాట కాదు. మీ చదువును ఒక దారికి మళ్లించు మాట.

మొదట ఒప్పుకొనవలసినదానిని ఒప్పుకొందము. మనుష్యులకు అభిరుచులు వేరువేరుగా నుండుట సత్యము. ఒకనికి పటము చూచుట యిష్టము. మరియొకనికి కథ వినుట యిష్టము. ఒకడు దారి యడిగినప్పుడు కాగితముమీద గీసి చూపుమనును. మరియొకడు నోటితో చెప్పుమనును. శక్తులలోను భేదములు కలవు. కన్నులు మూసికొన్నంతనే తమ ఇంటి వాకిలి, ముగ్గు, తులసికోట సర్వమును మనసునందు చూడగలవారు కొందరు. అట్టి చిత్రమేదియు మనసునందు పొడగట్టనివారు కొందరు. ఇట్టి భేదములను ఎవరును కాదనరు.

ఈ భేదములను ఆధారము చేసికొని న్యూజీలాండు దేశపు అధ్యాపకుడైన నీల్ ఫ్లెమింగ్ 1992లో ఒక పద్ధతిని ప్రకటించెను. దానికి “వార్క్” అని పేరు. అందు విద్యార్థుల అభిరుచులు నాలుగు విధములుగా చెప్పబడినవి: చూచుట, వినుట, చదివి వ్రాయుట, చేతులతో చేయుట. ఈ పద్ధతియు, దీనిని పోలిన పద్ధతులును దేశదేశములందు వ్యాపించినవి. ఉపాధ్యాయ శిక్షణలోను, తలిదండ్రుల సంభాషణలోను ఇవి స్థానము సంపాదించుకొన్నవి.

అయితే ఇచ్చట రెండు మాటలను వేరుచేసి చూడవలయును. “నాకు బొమ్మ యిష్టము” అనునది ఒక మాట. “బొమ్మతో చెప్పినచో నేను ఇతరులకంటె బాగుగా నేర్తును, నోటితో చెప్పినచో నేర్వజాలను” అనునది మరియొక మాట. మొదటిది రుచిని గూర్చిన మాట. రెండవది ఫలమును గూర్చిన మాట. చక్కెర యిష్టమగుట వేరు, చక్కెర బలమిచ్చుట వేరు. మొదటి మాట నిజమైనంతమాత్రమున రెండవ మాట నిజము కానేరదు. దానిని పరీక్షించియే తెలిసికొనవలయును.

అట్టి పరీక్ష ఎట్లుండవలెనో 2008లో హెరాల్డ్ పాష్లర్ అను మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులు మువ్వురును స్పష్టముగా చెప్పిరి. విద్యార్థులను వారివారి అభిరుచులనుబట్టి రెండు తెగలుగా విభజింపవలెను. ప్రతి తెగలోను సగముమందికి చూపుచు చెప్పవలెను. సగముమందికి వినిపించుచు చెప్పవలెను. ఎవరికి ఏ పద్ధతి యనునది చీట్లు తీసినట్లు నిర్ణయింపవలెను. తరువాత అందరికిని ఒకే పరీక్ష పెట్టవలెను. చూపు తెగవారు చూపు బోధనలోను, వినికిడి తెగవారు వినికిడి బోధనలోను మిన్నగా నున్నప్పుడే ఆ సిద్ధాంతము నిలుచును. ఇట్టి కట్టుదిట్టములతో జరిగిన పరిశోధనలు ఎన్ని కలవని వారు వెదకగా, మిక్కిలి కొద్దియే కనబడినవి. ఆ కొద్దిలోను పెక్కు సిద్ధాంతమునకు ఎదురుగానే పలికినవి. కావున ఈ సిద్ధాంతమును తరగతి గదిలో ప్రవేశపెట్టుటకు తగిన ఆధారము లేదని వారు నిర్ణయించిరి.

అంతకుముందు 2006లో కెనడా దేశమున జరిగిన పరిశోధనలో, తాము ఏ తెగవారమని చెప్పుకొన్నారో దానికిని, ఆయా ఇంద్రియములద్వారా వారు నిజముగా జ్ఞాపకముంచుకొన్న దానికిని పొంతన కనబడలేదు. అమెరికాలో 2015లో జరిగిన మరియొక పరిశోధనలో పెద్దవారు కొందరు ఒకే గ్రంథభాగమును విని, మరికొందరు చదివి, పరీక్ష వ్రాసిరి. రెండు వారముల పిమ్మట మరల వ్రాసిరి. వినుట యిష్టమనువారు విన్నందువలన గాని, చదువుట యిష్టమనువారు చదివినందువలన గాని ప్రత్యేకలాభము పొందలేదు. 2017లో ప్రకటింపబడిన పరిశోధనము మరింత ఆలోచింపదగినది. చూపు తెగవారమని చెప్పుకొన్నవారు, బొమ్మలను తాము బాగుగా గుర్తుంచుకొందుమని ముందుగా అంచనా వేసికొనిరి. కాని తీరా చూడగా వారి తెగకును వారి జ్ఞాపకమునకును సంబంధము లేకపోయెను. అనగా అభిరుచి మన నమ్మకమును మార్చినది గాని మన ధారణను మార్చలేదు.

బాలబాలికలారా! ఇక పరిశోధనలను అటుంచి, మీ ముందున్న తెలుగు పుస్తకమునే చూడుడు. “అర్థము” అనగా తాత్పర్యము. “అర్ధము” అనగా సగము. నిత్యవ్యవహారమున ఈ రెండింటిని పెక్కుమంది ఒకే తీరుగా పలుకుచున్నారు. కావున చెవిని మాత్రమే నమ్ముకొన్నవాడు ఇచ్చట తప్పక తడబడును. థకారమునందలి చుక్కను కన్ను గుర్తింపవలసినదే. ఇక “కల” వేరు, “కళ” వేరు. అచ్చులో ఈ రెండును వేరుగానే కనబడును. కాని ళకారమును సరిగా పలుకువారి నోట విననివాడు రెండింటిని ఒకటిగానే చదివి, పద్యము చెడగొట్టును. ఇచ్చట చెవి పని చేయవలసినదే. శ, ష, స లను వేరుచేయునది చెవి. ప, ష, ఫ లను వేరుచేయునది కన్ను. ఒక్క అక్షరమాల నేర్చుటకే రెండును కావలసియుండగా, “నాకు ఒక్కటి చాలును” అనువాడు సగము అక్షరమాలను వదలుకొన్నవాడే.

దీనినుండి నేను గ్రహించిన సూత్రమొకటి కలదు. ఏ ఇంద్రియముతో నేర్వవలెనో నిర్ణయించునది ప్రధానముగా విద్యార్థి అభిరుచి కాదు, నేర్వవలసిన విషయము. నాసికయొద్ద గోదావరి ఎచ్చట పుట్టి, ఏ దిక్కునకు ప్రవహించి, ఎచ్చట పాయలుగా చీలునో తెలిసికొనుటకు పటము చూడవలయును. వినుట యిష్టమని చెప్పి పటము చూడనివాడు నదీమార్గమును తెలిసికొనజాలడు. సరళీస్వరములను నేర్చుటకు వినవలయును. చూచుట యిష్టమని చెప్పి స్వరములను కాగితముమీద మాత్రమే చూచినవానికి శ్రుతి కుదురదు. త్రిభుజమును గీసి చూడవలయును. ఉచ్చారణను విని పలుకవలయును. ఈతను నీటిలో దిగియే నేర్వవలయును. విషయము మనకొరకు మారదు; మనమే విషయమునకు తగినట్లు మారవలయును.

చెవికి గల శక్తి సామాన్యమైనది కాదు. మన పూర్వులు వేదమును “శ్రుతి” యనిరి, అనగా వినబడినది. గురువు చెప్పగా శిష్యుడు మరల మరల చెప్పుటను “సంథ” యనిరి. ఒక్కసారి వినగానే పట్టుకొనువానిని ఏకసంథాగ్రాహి యని మెచ్చుకొనిరి. అయితే విన్నంతమాత్రమున నిలుచునని వారు నమ్మలేదు. పదములను విడదీసి చెప్పుట పదపాఠము. ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని జంటలుగా కూర్చి చెప్పుట క్రమపాఠము. ముందునకును వెనుకకును త్రిప్పి చెప్పుట జట, ఘనము మొదలగు పాఠములు. ఒక్క స్వరము తప్పకుండునట్లు ఇన్ని కట్టడులు చేసిరి. ఈ వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వ సంపదలలో నొకటిగా ప్రకటించినది. ఇందు చెవితోపాటు నోరు, క్రమము, పునశ్చరణము అన్నియు పాలుగొనుచున్నవి.

మన తెలుగువారి అవధానవిద్యయు ఇట్టిదే. తిరుపతి వేంకట కవులని ప్రసిద్ధికెక్కిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును ఈ విద్యను ఊరూరను ప్రదర్శించి వన్నెకెక్కించిరి. అష్టావధానమున సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి మొదలగువానిని పృచ్ఛకులు అడుగుచుందురు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు పోవును. నడుమ గంట మ్రోగును. ఆ మ్రోతలను లెక్కింపవలెను. అప్రస్తుత ప్రసంగమునకు బదులు చెప్పవలెను. కాగితము లేదు, కలము లేదు. చివరకు పద్యములన్నిటిని ఆద్యంతము అప్పగింపవలెను. దీనినే ధారణ యందురు. ఇది వట్టి చెవి బలమా? కాదు. ఛందస్సు పట్టుగొమ్మగా నున్నది. యతిస్థానమున ఏ అక్షరము రావలెనో, ప్రాసగా ఏ అక్షరము నిలువవలెనో నియమము కలదు. పద్యమునకు అర్థము కలదు. అవధాని గుర్తుంచుకొనునది విడివిడి ధ్వనులను కాదు, ఒక కట్టడమును. మనసు చిందరవందరగా నున్నదానిని జారవిడుచును. కూర్పు గలదానిని పట్టుకొనును.

కంటి శక్తియు ఆశ్చర్యకరమైనదే. 1973లో లయొనెల్ స్టాండింగ్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష చేసెను. కొందరికి 10,000 చిత్రములను ఒక్కొక్కటి కొద్ది క్షణములు మాత్రమే చూపెను. తరువాత పాత చిత్రమును, క్రొత్త చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి, ముందు చూచినది ఏదని యడుగగా, వారు నూటికి 83 పాళ్లు సరిగా చూపిరి. ఇట్టి శక్తి చూపు తెగవారికి మాత్రమే గలది కాదు. సామాన్య మానవుల కన్నులకు గలది. అయితే మరల చూచి గుర్తుపట్టుట వేరు, చూడకుండ చెప్పుట వేరు. పరీక్షలో మిమ్ము అడుగునది రెండవదియే.

రెండు శక్తులును కలిసినప్పుడు ఏమగును? కెనడా దేశపు శాస్త్రజ్ఞుడైన ఆలన్ పైవియో 1971లో ప్రకటించిన గ్రంథమునందు, మాటను ఒక త్రోవను, చిత్రమును మరియొక త్రోవను మనసు భద్రపరచునని వివరించెను. ఒకే విషయమునకు రెండు త్రోవలున్నప్పుడు ఒకటి మూసికొనిపోయినను మరియొకటి మిగిలియుండును. ఊరికి రెండు బాటలుగలవాడు వరదనాడును ఇల్లు చేరును.

ఈ మర్మమును మన వీధిబడులు సిద్ధాంతముగా చెప్పలేదు గాని ఆచరణలో పాటించినవి. బాలుడు ఇసుక పరచుకొని వ్రేలితో అక్షరము దిద్దెడివాడు. దిద్దుచు బిగ్గరగా పలికెడివాడు. కన్ను ఆకారమును చూచెడిది, వ్రేలు దానిని అనుసరించెడిది, నోరు పలికెడిది, చెవి వినెడిది. మదరాసులోని ఎగ్మూరు అనాథ బాలుర పాఠశాలకు అధికారిగా నుండిన స్కాట్లండు దేశీయుడు ఆండ్రూ బెల్, ఇట్లు పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి ముచ్చటపడి, తన పాఠశాలలో ఆ పద్ధతిని ప్రవేశపెట్టెను. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పు పద్ధతితో దీనిని కలిపి 1797లో లండనులో ఒక చిన్న గ్రంథమును ప్రచురింపగా, అది ఇంగ్లండులో మదరాసు పద్ధతి యను పేర వ్యాపించినది. వీధిబడిలో లోపములు లేకపోలేదు. బెత్తము దెబ్బలును, అర్థము తెలియని వల్లెవేతయు అందు కలవు. వానిని మరల తెచ్చుకొనవలెనని నేననను. కాని ఇసుకపలక ముందు కూర్చున్న బాలుని, “నీవు చూపు తెగవాడవా, వినికిడి తెగవాడవా?” అని యెవరును అడుగలేదు. వానికి గల ఇంద్రియములన్నిటిని పనిలో పెట్టిరి. ఆ మేలును మాత్రము మనము విడువరాదు.

జ్ఞాపకమునకు నిజముగా తోడ్పడునవి ఏవి? జర్మనీ దేశపు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకమునే పరీక్షించుకొని 1885లో గ్రంథము వ్రాసెను. అర్థములేని అక్షరముల వరుసను ముందునాడు ఒక్క పట్టున 68 సార్లు చదివినను, మూడు దినములకు పంచి 38 సార్లు చదివినను, మరునాడు ఇంచుమించు సమానమైన ఫలమే కలిగినదని ఆయన తెలిపెను. పంచుకొని చదివినచో శ్రమ అంతగా తగ్గినది. పరీక్ష ముందటి రాత్రి తెల్లవార్లు చదువువారు ఈ లెక్కను జ్ఞప్తియందుంచుకొనవలయును.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అను నిరువురు శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన పరీక్ష మరియొకటి. ఒక పాఠమును కొందరు నాలుగుమారులు చదివిరి. మరికొందరు ఒక్కమారు చదివి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నదానిని మూడుమారులు వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత చదివినవారికి నూటికి 83 పాళ్లు, వ్రాసినవారికి 71 పాళ్లు గుర్తున్నవి. వారము గడచిన పిమ్మట చదివినవారికి 40 పాళ్లు, వ్రాసినవారికి 61 పాళ్లు మిగిలినవి. ఇందు చిత్రమేమనగా, తమకు బాగుగా గుర్తుండునని ఎక్కువగా ధైర్యపడినవారు నాలుగుమారులు చదివినవారే. సులభముగా నడచిన చదువు వచ్చిన చదువువలె తోచును. అభిరుచి చేయు మోసమును ఇట్టిదే. ఇష్టమైన త్రోవ నునుపుగా నుండును. ఆ నునుపును చూచి గమ్యము చేరితిమని భ్రమపడుదుము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. “ఇష్టమైన విధముగా చెప్పినచో పిల్లలకు ఉత్సాహము కలుగును గదా! ఉత్సాహము లేనిదే చదువు ఎట్లు వచ్చును?” అని కొందరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. బొమ్మతో మొదలుపెట్టినచో లొంగు పిల్లవానికి బొమ్మతోనే మొదలుపెట్టవలెను. కథతో లొంగువానికి కథతోనే. కాని అది గడప మాత్రమే, ఇల్లు కాదు. గడపమీదనే కూర్చున్నవాడు ఇంటిలోని సొత్తును చూడజాలడు.

మరియొక ఆక్షేపణ: కన్నులు లేనివారును, చెవులు వినబడనివారును ఉన్నారు గదా! నిజము. వారి విషయము అభిరుచి కాదు, అవసరము. వారికి తగిన సాధనములను సమకూర్చుట సమాజమునకు విధి. చిన్ననాటనే చూపు పోగొట్టుకొన్న లూయీ బ్రెయిలీ పదునైదేండ్ల ప్రాయమున 1824లో చుక్కల లిపిని కల్పించి అంధులకు అక్షరభిక్ష పెట్టెను. పందొమ్మిది నెలల వయస్సుననే చూపును వినికిడిని కోల్పోయిన హెలెన్ కెల్లర్, అరచేతిలో వ్రేళ్ల గుర్తులతో తెలిపిన అక్షరములద్వారా భాష నేర్చి, 1904లో పట్టభద్రురాలయ్యెను. ఆమె తనకు మిగిలిన ప్రతి ద్వారమును తెరచుకొనెను. అన్ని ద్వారములు గలవాడు తనంతతాను ఒకదానిని మూసికొనుట ఎట్టి అవివేకమో ఆమె జీవితమును చూచి తెలిసికొనవచ్చును.

ముద్రవలని నష్టము ఊహ కాదు. మా వీధిలోని ఒక బాలికకు ఒక శిక్షణశాలవారు ప్రశ్నల కాగితమిచ్చి, నీవు చూపు తెగదానవని చెప్పిరి. నాటినుండి ఆమె తరగతిలో పద్యము చదువునప్పుడు శ్రద్ధగా వినుట మానినది. ఇంటికి వచ్చి పుస్తకమును మౌనముగా చూచుకొనెడిది. పద్యముల భావము వ్రాయగలిగెను గాని ఒక్క పద్యమును తడబడకుండ చదువలేకపోయెను. ఎచ్చట విరువవలెనో, ఎచ్చట ఊనిక యుండవలెనో ఆమెకు తెలియలేదు. “నేను వినికిడి పిల్లను కాను” అని నాతో నిశ్చయముగా చెప్పెను. ఆ మాట విని నాకు బాధ కలిగినది. చెవులు చక్కగా వినబడు బిడ్డ, ఒక కాగితపు మాటను నమ్మి, ఇన్నివందల యేండ్ల పద్యసంపదకు తలుపు మూసికొనినది. దినమునకొక పద్యము చొప్పున బిగ్గరగా చదివి వినిపించుమని పురికొల్పగా, కొలది మాసములలో ఆమెకు పద్యపు నడక పట్టుబడినది. ఆమెకు కొరవడినది చెవి కాదు, అభ్యాసము.

కావున నా అభిప్రాయమిది. “నేను ఏ తెగవాడను?” అను ప్రశ్నను విడిచి, “ఈ విషయము ఎట్లు చూడదగినది? ఎట్లు వినదగినది? ఎట్లు చేయదగినది?” అని అడుగుడు. పద్యమును బిగ్గరగా చదివి, పుస్తకము మూసి వ్రాయుడు. పటమును చూచి, మూసి, మరల గీయుడు; గీయుచు ఊళ్ల పేర్లను పలుకుడు. విన్న పాఠమును ఇంటిలో తమ్మునికో చెల్లెలికో చెప్పుడు. నేడు చదివినదానిని రెండు దినముల తరువాత ఒకమారు, వారము తరువాత ఒకమారు జ్ఞాపకమునకు తెచ్చుకొనుడు. కష్టముగా తోచిన త్రోవను తొందరపడి విడువకుడు. ఆ కష్టములోనే నేర్పు పాదుకొనుచుండవచ్చును. కన్నును చెవియు పోటీపడు శత్రువులు కావు. ఒకే బండికి కట్టిన జోడెద్దులు. ఒకదానిని విప్పి రెండవదానితో బండి లాగించువాడు ఊరు చేరుటకు ముందే చీకటిపడును.